డెల్టా దాటినవాళ్ల చిప్ప

వైనిసెవు గ్రామం, కండావు దీవి
6 డిసెంబరు 2021

ఈ రోజు పనులు: చేమదుంపలు చెక్కు తీసి ఉడకబెట్టడం, రెండు బుట్టలు. ఎండిన మొగలి ఆకు చుట్టలు చుట్టడం, ఏడు. పెద్ద చాప అంచుకి ఎర్ర ఉన్ని కుట్టడం, ఒక పక్క పూర్తి. నల్లబట్టల ఉతుకు. పందులకి మేత. మీ అన్నయ్యకి మందులు, రెండు పూటలా. ఆఖరి పని ఈ ఉత్తరం.

సూవా పట్నంలో జనం ముక్కుల్లో పుల్లలు దూర్చి జీతం తీసుకునే మా ఆడపడుచు తోరికాకి, వదిన ఉలామిలా రాస్తున్నది.

అత్తయ్య పోయి ఈ నెల ముప్పయ్యో తారీఖుకి నూరు రాత్రులు నిండుతాయి. ఆ రోజు నల్లబట్టలు విడిచి, అందరూ కూర్చుని యంగోనా తాగి, మైల ముగించాలి. యంగోనా కలపడానికి దాని వేరు దంచడం మొదలైంది. చాపలు సిద్ధం. ఒక్క మీ అన్నయ్య సంగతే నన్ను తింటున్నది.

సెప్టెంబరులో డెల్టా జబ్బు ఊరంతా ఊడ్చినప్పుడు ఆయన్ని కొండమీద తోటలో గుడిసెలో దాచాను. కిడ్నీల వాపుకి ఆయన మింగే మందు ఒంట్లో కాపలావాళ్లని నిద్రపుచ్చుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా. టీకాలు రెండూ వేసినా ఆయన ఒంటికి పెద్దగా పట్టి ఉండవని కూడా అంది. తిండి గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని. జబ్బు ఆయన దరికి రాలేదు. కానీ కన్నతల్లి మీద పిడికెడు మట్టి వేసే అదృష్టమూ రాలేదు. "ఈసారి కూడా కొండెక్కమంటే నన్ను పందిని కట్టినట్టు కట్టి మోసుకుపో" అన్నాడు నిన్న. రెండు మాటలు మాట్లాడని మనిషి అంత మాట అన్నాడు.

అందుకని ఒక పద్ధతి ఆలోచించాను. డెల్టా వచ్చి లేచి, రెండు టీకాలు కూడా వేసుకున్న మగవాళ్లు ఊళ్లో పదకొండు మంది. వాళ్లకి వచ్చింది, పోయింది. ఇక రాదు. రానిదాన్ని ఎవరికీ ఇవ్వలేరు. మీ అన్నయ్యని వాళ్ల మధ్య కూర్చోబెడతాను, చుట్టూ కోట కట్టినట్టు. ఆ వలయానికి ఒకటే కొబ్బరి చిప్ప. గుర్తుకి ఎర్ర ఉన్ని కట్టాను. జబ్బు రానివాళ్లంతా బయటి వరుసలో, ఎవరి చిప్ప వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలి.

మీ అమినియాసి చిన్నాన్న గుమ్మంలో నిలబడి రంకెలు వేశాడు. "ఎవరి చిప్ప వాళ్లదే అయితే ఎవరి తాత వాళ్లకే ఉండాలి! ఇది యంగోనా తాగడమా, ఆసుపత్రిలో అరకు తాగడమా?"

"మిమ్మల్ని లోపలి వలయంలో వేశాను మామయ్యా, పెద్ద చిప్ప దగ్గర."

"అలాగా? అయితే పద్ధతి మంచిదే."

నువ్వు పడవలో వచ్చేటప్పుడు పంచదార, తెల్లదారం తీసుకురా. నోరు మాత్రం అక్కడే వదిలి రా.

నీ సహనశీలురాలైన వదిన,
ఉలామిలా


సూవా
13 డిసెంబరు 2021

కండావు మహారాణికి, చాపల శాఖ మంత్రిణికి, మొగుణ్ణి గుడిసెలో పెట్టి కాపలా కాసిన మా వదినగారికి, అల్పురాలు తోరికా మొక్కి రాయునది.

నీ కోట సంగతి మా ల్యాబువాళ్లందరికీ చదివి వినిపించాను. వదినా, నీ కోట గోడని అప్పుడే చెద తినేసింది! ఆఫ్రికా దక్షిణాన కొత్తరకం బయటపడింది. దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు, నీ పేరుకన్నా కాస్త నయంగానే ఉంది. విమానం దిగి క్వారంటైన్‌లో ఉన్నవాళ్లలో ఇక్కడా దొరికింది.

నీకు అర్థమయ్యే భాషలో చెబుతాను. నువ్వు చాప అల్లుతూ ఒక ఆకు తప్పితే విప్పి మళ్లీ అల్లుతావు. ఈ పురుగుకి నీ అంత శ్రద్ధ లేదు. ఒంట్లో దూరి తనలాంటివాటిని కోట్లకొద్దీ అల్లుకుంటూ పోతుంది, కొన్ని తప్పులు అలాగే వదిలేస్తుంది. చాలా తప్పులకి అల్లిక ఊడి అదే చస్తుంది. ఎప్పుడో ఒక తప్పు దానికి కలిసొస్తుంది. చాప అంచు చూసి ఇది ఫలానా ఊరిదని నువ్వు చెప్పినట్టే, ఒంట్లో కాపలావాళ్లు దాన్ని అంచు చూసి పట్టుకుంటారు. డెల్టా అంచు మీ పదకొండు మంది వీరులకీ కంఠతా వచ్చు. ఇది ముప్పైకి పైగా చోట్ల అంచు మార్చుకొని వచ్చింది. కాపలావాళ్లు దాన్ని చుట్టమనుకుని చాపేసి కూర్చోబెడతారు. తరవాత లోపలి కాపలా లేచి తంతుంది కాబట్టి వీరులు బతికిపోతారు. ఈలోగా అది వాళ్ల గొంతులో కూర్చుని పక్కవాడి మీదికి పాకుతుంది. ఆ పక్కవాడు ఎవరు? మా అన్నయ్య!

ఎర్ర ఉన్నికి జడిసి పారిపోతుందనుకుంటే నాకూ ఒక మూర పంపు, ల్యాబు గుమ్మానికి కడతాను. లేదంటే అన్నయ్యకి విడిగా చిప్ప పెట్టి, గాలి వచ్చే గుమ్మం పక్కన కూర్చోబెట్టు. నేను చెప్పుకుందామంటే నాకు అన్నయ్యతో మాట లేదు. నాకు తొమ్మిదేళ్లు రాగానే అమ్మ మా ఇద్దర్నీ విడదీసింది, అన్నాచెల్లెళ్లు ఎదురుపడకూడదని. అప్పటినుంచి అన్నయ్య ముంగిట్లోకి వస్తే నేను దొడ్డివాకిట్లోంచి పోయేదాన్ని. కాబట్టి నా మాట మోసే గుర్రానివి నువ్వే. సకిలించకుండా మొయ్యి.

మాకు సెలవులు రద్దు చేస్తారని గుసగుస. ముప్పయ్యో తారీఖుకి వస్తానో రానో.

నీ పందుల శ్రేయోభిలాషి,
తోరికా


వైనిసెవు
20 డిసెంబరు 2021

అబద్ధాలకి పుట్టిల్లు, నిజానికి సవతి తల్లి అయిన తోరికాకి,

నీ ఉత్తరం చాపలల్లే సావట్లో పైకి చదివాను. ఆడవాళ్లు నవ్వి నవ్వి ఆకుల మీద దొర్లారు. "ముప్పై చోట్ల అంచు మార్చిందట! మీ ఆడపడుచు తన పెళ్లికి కూడా అన్ని బట్టలు మార్చలేదే!" అంది మన ఊళ్లో మందులిచ్చే నర్సమ్మ. గోడకి అవతల మీ అన్నయ్య వింటున్నాడు. ఆయన కూడా నవ్వాడు, చాలాకాలానికి.

పోయినేడు పందులకి పన్ను వేస్తున్నారని రాశావు. నేను మూడు పందుల్ని అడవిలో దాచాను. తరవాత నెలరోజులు వాటిని వెతుక్కున్నాను. ఒకటి ఇంకా దొరకలేదు. మళ్లీ నీ చేత చిక్కుతాననుకున్నావా? ఒకసారి వచ్చిన తట్టు మళ్లీ రాదు. నాకా మాత్రం తెలుసు.

ఒక్కమాట మాత్రం నవ్వకుండా రాస్తున్నాను. రావడానికి కుదరదని చెప్పడానికి ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. అత్తయ్య మంచాన పడ్డప్పుడు పడవలు ఆగిపోయాయి, నువ్వు రాలేకపోయావు. దానికి నిన్నెవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. పంచదార మరచిపోకు.

నీ వదిన


సూవా
27 డిసెంబరు 2021

ఉలామిలాకి,

ఇందులో ఎగతాళి లేదు. విమానం ఎక్కని, దిగని మనుషుల్లో ఇప్పుడు సూవాలో జబ్బు దొరుకుతున్నది. డెల్టా దాటినవాళ్లకీ, రెండు టీకాలు వేసుకున్నవాళ్లకీ వస్తున్నది. నాకూ వచ్చింది. జూలైలో ఒకసారి పడ్డాను, ఆగస్టులో రెండో టీకా అయింది. నిన్న పరీక్షలో మళ్లీ రెండు గీతలు. అందుకే రాలేను.

అన్నయ్యని ఆ వలయంలో కూర్చోబెట్టవద్దు. ఎర్ర ఉన్ని చిప్పతో తాగనివ్వవద్దు. మీ ఊళ్లో కొండెక్కితేగాని ఫోన్ పలకదు, పలికినా మాట తెగుతుంది. ఊరిపెద్దకి అతి కష్టం మీద దొరికాను. "ఇది మీ వదినా ఆడపడుచుల సరసం, నన్ను లాగకు తల్లీ" అని నవ్వి పెట్టేశాడు.

ఈ ఉత్తరం నర్సమ్మకి వచ్చే మందుల పెట్టెతో పంపుతున్నాను.

తోరికా


వైనిసెవు
3 జనవరి 2022

తోరికా గారికి,

మీ ఉత్తరం ఇరవై తొమ్మిదిన అందింది. ఇన్నేళ్లలో మన మధ్య నడిచిన ఉత్తరాల్లో ఎగతాళి లేనిది ఇదొక్కటే. వదినా ఆడపడుచులు ఎగతాళి మానితే తెగతెంపులని మనవాళ్లలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "వదినా" అన్న పిలుపు కూడా లేదు. మొదట రాలేనని ఒక కారణం, ఆ తరవాత జబ్బని ఇంకొకటి. నేను సరిగ్గా చెయ్యలేనని మీకు అనిపిస్తే ముందే చెప్పవలసింది. మడిచి బైబిల్లో పెట్టాను. ఎవరికీ చూపలేదు.

కార్యం బాగా జరిగింది. చాపలు నలభై పరిచాము. ఆయన తన చేత్తో అత్తయ్య సమాధి మీద కొత్త చాప కప్పాడు. ఆ తరవాత వలయంలో కూర్చుని, చిప్ప తన దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి అందుకున్నాడు. తాగాక మళ్లీ కొట్టవలసిన చప్పట్లు కొట్టలేకపోయాడు. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వలయమంతా ఆయన బదులు చప్పట్లు కొట్టింది. మీరు చూసి ఉండవలసింది.

అమినియాసి మామయ్యకి నిన్నటినుంచి పొడిదగ్గు. గొంతులో చేపముల్లు ఇరుక్కుందంటున్నాడు. ఇంకో ఇద్దరికి ఒళ్లునొప్పులు. వేరు దంచిన దుమ్ము అయి ఉంటుంది.

మీ అన్నయ్య బాగున్నాడు.

ఉలామిలా


వునీసేయా ఆసుపత్రి, కండావు
12 జనవరి 2022

తోరికా,

ఇది బయట మామిడిచెట్టు కింద కూర్చుని రాస్తున్నాను. లోపలికి రానివ్వరు. నాకూ రెండు గీతలు వచ్చాయి. మీ అన్నయ్యని విమానంలో సూవాకి తీసుకుపోతున్నారు. వెంట వస్తానంటే కుదరదన్నారు. ఈ కాగితం ఆయనతో వచ్చే నర్సు చేతిలో పెడుతున్నాను.

మామయ్యది చేపముల్లు కాదు. లోపలి వలయంలో పదకొండు మందిలో తొమ్మిది మంది పడుకున్నారు. బయట ఎవరి చిప్పతో వాళ్లు తాగినవాళ్లలో ఇద్దరే. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసినా ఇంతే వస్తున్నది. ఆ తొమ్మిది మందీ మూడు నాలుగు రోజుల్లో లేచి తోటలకి పోయారు. మీ అన్నయ్యకి ఆరో తారీఖున జ్వరం తగిలింది. ఎనిమిదిన మెట్టు ఎక్కితే ఆయాసం. నర్సమ్మ వేలికి తగిలించే బిళ్ల పెట్టి చూసి, వెంటనే వునీసేయా ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. గాలివానకి పడవలు కదల్లేదు. పదకొండున మామయ్య తన చేపలవేట పెట్రోలు పీపా దొర్లించుకుంటూ వచ్చాడు. "నా దగ్గే వాడికి అంటించింది. నేనే తీసుకుపోతాను" అన్నాడు. దారంతా అలలు నడుము దాకా తడిపాయి. మీ అన్నయ్య తల నా ఒళ్లో ఉంది. శ్వాస లెక్కపెడదామనుకుని భయమేసి మానేశాను.

కోట కట్టి, అందులోకి నేనే శత్రువుని పిలిచి, పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టాను. నీ రెండు ఉత్తరాలూ నిజమే చెప్పాయి. నవ్వుతూ చెబితే నవ్వాను. నవ్వకుండా చెబితే అలిగాను.

నువ్వు ఆయనతో మాట్లాడకూడదని తెలుసు. మాట్లాడవద్దు. తలుపు దగ్గర నిలబడి చూసి నాకు రాయి.

ఉలామిలా


సూవా
27 జనవరి 2022

వదినా,

ముందు ఈ ఒక్క ముక్క చదువు: అన్నయ్య బతికే ఉన్నాడు. ఇప్పుడు కూర్చుని చదువుకో.

నాకు జబ్బు తగ్గి ల్యాబుకి పోవడం మొదలైన రోజునే అన్నయ్యని తెచ్చారు. నువ్వు చెప్పినట్టే తలుపు దగ్గర నిలబడ్డాను. మూడో రోజుకి పరిస్థితి విషమించింది. అన్నయ్య ముక్కుమీది గొట్టం పీకేస్తున్నాడు. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయని నర్సులు బతిమాలుతున్నారు. ఇద్దరు తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరుగుతున్నాడు. "ఇంటికి పోతాను" అంటాడు, అంతే. డాక్టరు బయటికి వచ్చి, "ఇలాగే ఉంటే సాయంత్రానికి మా చేతుల్లో ఉండదు. ఇతనివాళ్లెవరైనా ఉన్నారా, గట్టిగా చెప్పేవాళ్లు?" అన్నాడు. నర్సులందరూ నన్ను చూశారు. వాళ్లలో మన దీవి పిల్ల ఒకతి ఉంది. ఆమె మాత్రం తల వంచుకుంది. ఆమెకి తెలుసు.

కళ్లు తప్ప ఏమీ కనపడని తొడుగు వేసుకుని లోపలికి పోయాను. మంచం పక్కన నిలబడ్డాను. అన్నయ్య ఎవరో నర్సు అనుకున్నాడు.

"అన్నయ్యా, బోర్లా పడుకో" అన్నాను.

గొంతు పోల్చుకోలేదు. ఎలా పోల్చుకుంటాడు, తొమ్మిదేళ్ల పిల్ల గొంతే కదా ఆయనకి తెలిసింది. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"తోరికాని."

వదినా, అన్నయ్య నన్ను ఒక్క క్షణం చూశాడు. చూసి, చెల్లెలి ముఖం చూడకూడదు కనక తల అటు తిప్పుకున్నాడు. తల చాలదన్నట్టు భుజం తిప్పాడు. ఒళ్లంతా తిప్పాడు. దిండులో ముఖం దాచుకుని బోర్లా పడుకున్నాడు. నర్సు పరుగున వచ్చి గొట్టం సరిచేసింది. గోడమీది ఆక్సిజన్ అంకె ఎనభై నాలుగు నుంచి మెల్లగా పైకి పాకింది. నేను వెళ్తే మళ్లీ తిరుగుతాడని అక్కడే నిలబడ్డాను. నేను నిలబడినంతసేపూ ఆయన తల ఎత్తలేదు. మరునాడూ వెళ్లి నిలబడ్డాను. ఆ మరునాడూ.

ఇప్పుడు ఆక్సిజన్ తీసేశారు. కానీ జబ్బు ఒంట్లోంచి పోలేదు. పుల్ల పెట్టిన ప్రతిసారీ ఉందనే వస్తున్నది. ఆ పుల్లల్ని మెల్బోర్న్‌లో పెద్ద ల్యాబుకి పంపాము. మొదటి పుల్లలో ఉన్నదానికీ ఈ మధ్య తీసినదానికీ రెండుచోట్ల తేడా ఉందని రాశారు. అన్నయ్య ఒంట్లోనే అది అంచు మార్చుకుంటున్నది.

తోరికా


వైనిసెవు
7 ఫిబ్రవరి 2022

తోరికా,

నీ ఉత్తరం తీసుకుని కొండమీది తోటకి పోయి ఒక్కదాన్నే చదువుకున్నాను. నన్ను క్షమించు. ఆచారం దాటించాను, క్షమించు. నిన్ను శంకించాను, క్షమించు.

ఇక్కడ ఇంకొకటి మొదలైంది. నీ ఉత్తరంలో ఆఖరి ముక్క నర్సమ్మకి చెప్పాను, ఆమె ఊరిపెద్దకి చెప్పింది. ఊరి సావట్లో సమావేశం పెట్టారు. "కొత్తరకం మన ఉలామిలా మొగుడు సకియూసా ఒంట్లో పుట్టిందట. దానికి మన ఊరి పేరు పెడతారట. అతను దిగితే మళ్లీ ఊరంతా పడుతుంది" అని ఒకాయన లేచాడు. అలా ఎక్కడ విన్నావంటే అందరూ అంటున్నారన్నాడు. అందరూ అంటే అతనే. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. మీ చిన్నాన్న నేలమీద కర్ర కొట్టి, "సెప్టెంబరులో జబ్బు తెచ్చింది వాడా? డిసెంబరులో తెచ్చింది వాడా? మనం వాడికి పెట్టాం. ఇప్పుడు వాడు ఎంగిలివాడయ్యాడా?" అని అరిచాడు. అయినా ఎవరూ ఒప్పుకోలేదు. ల్యాబునుంచి మాట వచ్చేదాకా పడవ దిగనివ్వరాదని తీర్మానించారు.

నిజం చెప్పు. ఆయన ఇంటికి రావడానికి వీలుందా, లేదా? వీలు లేకపోతే నేనే అక్కడికి వస్తాను. చాపలు అమ్ముకుని బతకగలను. క్షమించు.

ఉలామిలా


సూవా
2 మార్చి 2022

వదినా,

నిజమే రాస్తున్నాను. సమావేశంలో పైకి చదివించు.

కాపలావాళ్లు పూర్తిగా మెలకువగా ఉంటే దాన్ని పది రోజుల్లో తరిమేస్తారు. పూర్తిగా నిద్రపోతే మనిషి పోతాడు. అన్నయ్య కాపలావాళ్లది సగం నిద్ర. సగం నిద్రలో కొట్టే దెబ్బలు దాన్ని చంపవు, దానికి నేర్పుతాయి. దెబ్బ తగిలే అంచు ఉన్నవి చస్తాయి, తగలని అంచు ఉన్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి. వారాల తరబడి అలా జరిగితే కొత్తరకం తయారవుతుంది. ఒమిక్రాన్ కూడా ఎక్కడో ఇలాంటి ఒక్క మనిషి ఒంట్లోనే ముదిరి ఉంటుందని కొందరు పెద్ద డాక్టర్ల ఊహ. ఎవరికీ ఖాయంగా తెలియదు. ఆ మనిషి తప్పు మాత్రం ఏమీ ఉండదు.

ఇక్కడి డాక్టర్లు కిడ్నీ మందు మెల్లగా తగ్గించారు, కాపలావాళ్లు లేవాలని. వారంపాటు కిడ్నీలు ఏమవుతాయోనని ఎవరికీ నిద్రలేదు. కిడ్నీలు నిలబడ్డాయి. కాపలావాళ్లు లేచారు. ఫిబ్రవరి ఆఖరున తీసిన రెండు పుల్లల్లోనూ జబ్బు లేదు. అన్నయ్య ఒంట్లో మారినది అన్నయ్య దాటి ఎవరికీ పోలేదు. మెల్బోర్న్ వాళ్లు చదివిన తక్కిన పుల్లల్లో దాని జాడ లేదు. అక్కడే పుట్టింది, అక్కడే పోయింది. దానికి ఏ ఊరి పేరూ పెట్టరు. అన్నయ్య ఇంటికి రావచ్చు. రానివ్వకపోతే చిన్నాన్నకి చెప్పు, ఇంకో కర్ర పంపుతాను.

అన్నయ్యకి ఎప్పటికీ విడిగా చిప్ప, గాలి వచ్చే చోటు. ఇంకో రకం అంచు మార్చుకుని రాదని నేను మాట ఇవ్వలేను.

ఇక నీ సంగతి. పోయిన ఉత్తరంలో నాలుగుసార్లు క్షమించమన్నావు. ఎగతాళి చూద్దామంటే సూది మొనంత లేదు. అంటే మనకి తెగతెంపులా? నా లెక్క ప్రకారం నువ్వు నాకు ఒక ఎగతాళి బాకీ. వడ్డీతో తీర్చు.

తోరికా


వైనిసెవు
21 మార్చి 2022

పుల్లల పండితురాలు, కర్రల వ్యాపారి తోరికాకి,

నీ ఉత్తరం సమావేశంలో నర్సమ్మ చదివింది. "సగం నిద్ర" దగ్గర ఊరిపెద్ద నిద్రపోతున్నాడు. మామయ్య మోకాలితో పొడిచి లేపాడు. తీర్మానం ఎత్తేశారు. పడవ రేవుకి మామయ్యే వెళ్లి మీ అన్నయ్యని దింపుకున్నాడు.

మనిషి సగమయ్యాడు. గుమ్మం దాకా నడిచి కూర్చుంటాడు. కిడ్నీల పరీక్షకి నెలనెలా వునీసేయా పోవాలి. నిన్న సాయంత్రం ఊరంతా చూడడానికి వచ్చింది. చిప్పలు తీయబోతే, ఒక్కొక్కరు మొలలోంచి, సంచీలోంచి ఎవరి చిప్ప వాళ్లు తీశారు. ఎవరికీ చెప్పింది లేదు. అందరికంటే ముందు తీసినవాడు అమినియాసి మామయ్య. ఎర్ర ఉన్ని చిప్ప నేను పొయ్యిలో పెట్టాను. బాగానే మండింది.

ఆయన నీ సంగతి ఎత్తలేదు. ఎత్తకూడదు కదా. జనం వెళ్లాక చాప సర్దుతుంటే మాత్రం, "దాని గొంతు అమ్మ గొంతే" అన్నాడు. ఈ మాట నీకు మోసి పెట్టమని ఆయన చెప్పలేదు, గుర్రమే తనంతట తాను మోసింది.

ఇకమీద నిజమైన హెచ్చరికలు నర్సమ్మ పేర రాయి. నా పేర రాస్తే నేను నవ్వుతాను. నా తీరు అంతే, మారను.

ఇక బాకీ. మందులు బతికించాయని డాక్టర్లు అనుకుంటున్నారు, ఆక్సిజన్ బతికించిందని నర్సమ్మ అంటున్నది. అదేమీ కాదే. నీ ముఖం చూడలేక మీ అన్నయ్య బోర్లా పడుకుని బతికాడు. దేశంలో ఇన్ని లక్షల ముఖాలు ఉంటే, మంచం పట్టినవాణ్ణి ఒక్క చూపుతో తిరగేసే ముఖం దేవుడు నీకే ఇచ్చాడు. ఆసుపత్రివాళ్లు దాన్ని అద్దెకి అడిగితే తక్కువకి ఒప్పుకోకు.

అసలూ వడ్డీ ముట్టాయి. చెల్లు.

నీ వదిన,
ఉలామిలా